రెండవ కన్ను: ఒక సంవాదము

సొంత కారునకు సొంత చేతులతో షాక్ అబ్జార్బర్లు మార్చుకొనుట వివేకమా, సాహసమా అను ప్రశ్నపై ఒక మేనమామకును ఒక మేనల్లునికిని, టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరపు శివారునందలి యొక ఇంటి గ్యారేజీలో, ఒక శనివారమునాటి ఉదయమున జరిగిన వాదమును వినుట నాకు తటస్థించినది. మామగారు కృష్ణా జిల్లా బస్సు డిపోలలో హెల్పరుగా ప్రవేశించి, మెకానిక్కై, ఫోర్‌మన్‌గా విరమించినవారు. కుమార్తెను చూచిపోవుటకై అమెరికా వచ్చి, ఆ వారాంతమున మేనల్లుని యింట బసచేసియుండిరి. మేనల్లుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి. వారమున ఐదు దినములు కంటికి కనబడని వస్తువులను నిర్మించి, మిగిలిన రెండు దినములు చేతికి మసి యంటు పనికై తహతహలాడు తరమునకు చెందినవాడు.

వాదమునకు మూలమైన బండి 1992 నాటి మాజ్డా మియాటా. హిరోషిమాలో తయారై, 1989 ఫిబ్రవరిలో చికాగో మోటారు ప్రదర్శనమున లోకమునకు పరిచయమైన ఈ రెండు సీట్ల చిన్న బండి, 1960 దశకపు ఆంగ్లేయ స్పోర్ట్స్ కార్ల లాఘవమును, వాని నిత్యరోగములు లేకుండ, మరల తెచ్చినదని పేరొందినది. 2016 ఏప్రిల్‌లో పదిలక్షవ బండి కర్మాగారమునుండి వెలువడినది. బరువు సుమారు వెయ్యి కిలోలు మాత్రమే. ప్రతి చక్రమును పైనొకటి, క్రిందనొకటిగా రెండు విష్‌బోన్ చేతులు పట్టియుండును. ఆ చేతుల నడుమ స్ప్రింగును, స్ప్రింగు గర్భమున షాక్ అబ్జార్బరును నిలిచియుండును. గుఱ్ఱమును రౌతును ఏకప్రాణమైనట్లు నడవవలెనని నిర్మాతలు సంకల్పించి చేసిన ఈ బండి, ముప్పదియేండ్లు దాటిన పిమ్మట, ఫ్లైఓవరు అతుకు దాటినప్పుడెల్ల రెండు మూడు మార్లు ఊగి గాని కుదుటపడకున్నది. వెనుక కుడివైపు షాకు నూనె కారి, ఆ నూనెకు దుమ్ము పట్టి, నల్లని పొర కట్టియున్నది. బల్లమీద నాలుగు డబ్బాలలో కోనీ కంపెనీ వారి పసుపుపచ్చని కొత్త షాకులు సిద్ధముగా నున్నవి. ఆ కంపెనీ 1857లో హాలండు దేశమున గుఱ్ఱపు జీను సామాను చేయు దుకాణముగా పుట్టినదని నేను చెప్పగా, మామగారు నవ్వి, "గుఱ్ఱమును కట్టుట తెలిసినవారే యన్నమాట" అనిరి. వాదము ఆ నవ్వుతోనే మొదలైనది.

మామ — నాయనా, డబ్బాలు విప్పితివి, పనిముట్లు వరుసగా పరచితివి. నీ ఉత్సాహమును భంగపరచుట నాకిష్టము లేదు గాని, ఒక్క ప్రశ్నకు బదులు చెప్పి పిమ్మట స్పానరు పట్టుకొనుము. ఈ పని నీవు చేయగలవా యని నేనడుగుట లేదు. నట్టు విప్పి బిగించుటకు మహావిద్య యక్కరలేదు. చేసిన పని సరిగా జరిగినదని నీకు చెప్పువాడెవడు? మా డిపోలో చక్రము బిగించినవాడొకడు. దానిని తట్టి, లాగి, పరికించి, పుస్తకమున సంతకము చేయువాడు మరియొకడు. బిగించినవాడు ఎంతటి ఘనుడైనను తన పనికి తానే సాక్షియగుటను మేమెన్నడును ఒప్పుకొనలేదు.

మేనల్లుడు — ఆ రెండవ కన్ను షాపులో మాత్రమున్నదని మీకెవరు చెప్పిరి మామయ్యా? ఇచ్చటి షాపులలో పెక్కింట మెకానిక్కునకు గడియారమును బట్టి కాక, ఫలానా పనికిన్ని గంటలని పుస్తకమున వ్రాసియున్న లెక్కను బట్టి కూలి ముట్టును. నాలుగు గంటలని వ్రాసిన పనిని మూడింట ముగించినవానికి లాభము; తుప్పుపట్టిన బోల్టును విరుగకుండ నెమ్మదిగా సాధించుటకు ఐదు గంటలు పట్టినవానికి నష్టము. మనమా, అద్దాల గదిలో కూర్చుండి కాఫీ త్రాగవలసినదే. లోపలికి అడుగుపెట్టరాదు, ఇన్సూరెన్సు ఒప్పుకొనదందురు. నిరుడొక షాపులో టైర్లు మార్పించితిని. ఎయిర్‌గన్నుతో వారు బిగించిన చక్రపు నట్టులు, దారిలో పంక్చరైన నాడు, నేను స్పానరుపై ఎక్కి నిలుచున్నను కదలలేదు. ఈ బండికి ఆ బిగువు 88 మొదలు 118 న్యూటన్ మీటర్లని కంపెనీ పుస్తకము చెప్పుచున్నది. ఆ పుస్తకమును వారు తెరచియుండరు, నేను తెరచితిని.

మామ — పోనిమ్ము, సర్కారువారైనను ఏడాదికొకమారు బండిని చూతురా?

మేనల్లుడు — చూచెడివారు. 2025 జనవరి 1 నుండి ఈ రాష్ట్రమున సొంత కార్లకు భద్రతా తనిఖీని ఎత్తివేసిరి. కొన్ని కౌంటీలలో పొగ పరీక్ష మాత్రము మిగిలినది. ఇరువదినాలుగేండ్లు దాటిన బండి గనుక దీనికి అదియు లేదు.

మామ — అనగా నీవు తప్పు చేసినచో కనిపెట్టువాడు ఈ రాష్ట్రమంతటను ఒక్కడును లేడు! నా పక్షమునకు నేను వెదకుకొనదగిన సాక్ష్యమును నీవే తెచ్చి యిచ్చితివి.

ఈ దెబ్బ గట్టిగనే తగిలినదని నాకు తోచినది. మేనల్లుడు కొంతసేపు నోరు మెదపక, వెనుక చక్రము ప్రక్కన చతికిలబడి, తుప్పు బోల్టులపై మరియొకమారు నూనె చిమ్మెను. బండి మొదట ఒహాయోలో నున్నది. శీతకాలమున అచ్చటి రోడ్లపై మంచు కరగుటకై చల్లు ఉప్పు బండి అడుగునంతటిని తినివేయును. రెండు దినములనుండి ఆ బోల్టులను నానబెట్టుచున్నాడట.

మేనల్లుడు — మామయ్యా, తప్పు కనబడవలెనన్న తీరిక కావలెను. ఈ బోల్టులను రెండు దినములు నానబెట్టు షాపును నాకు చూపుడు! గ్యాసుతో కాల్తురు, లేదా విరిచి క్రొత్తది వేయుదురు. నేను చక్రము విప్పిన నాడు షాకు నొక్కదానినే చూడను. బ్రేకు గొట్టము బీటలు వారినదా, బాల్ జాయింటు తొడుగు చినిగినదా, విష్‌బోన్ బుష్షుల రబ్బరు ఎండినదా, అన్నియు చూతును. నా పనికి సాక్షి లేడన్నారు, నిజమే. కాని నా వెనుక నిలిచి తొందరపెట్టువాడును లేడు.

మామ — తీరిక యున్నచోట అజాగ్రత్త యుండదని ఎచ్చట వ్రాసియున్నది? సరే, అది యట్లుంచి, అసలు ప్రమాదమున్న చోటికి వత్తము. బండి బరువును మోయునది స్ప్రింగు. గుంతలో పడినప్పుడు అది నొక్కుకొని, మింగిన శక్తిని మరల క్రక్కును. దానిని అట్లే విడిచితిమా, బండి ఊగుచునే యుండును. ఆ ఊపును మాన్పునది షాకు. గొట్టములోని పిస్టను సన్నని రంధ్రములగుండ నూనెను త్రోయును. త్రోయుటలో నూనె వేడెక్కును. ఆ వేడి గాలిలో కలియును. ఊపు వేడియై పోవుచున్నదన్నమాట. బస్సు ఘాటు దిగి వచ్చిన పిమ్మట షాకుపై చేయి వేసితివేని చురుక్కుమనును. ఏ షాకైన చల్లగా నున్నదా, అది చచ్చినదని మేము గుర్తించెడివారము. ఇంతవరకు భయము లేదు. కాని నీ బండిలో స్ప్రింగు షాకునే చుట్టుకొని, పై మూతకును దిగువ పళ్ళెమునకును నడుమ అదిమిపెట్టబడి యున్నది. పాత షాకును తీయవలెనన్న ముందా స్ప్రింగును అదిమి పట్టవలెను. దాని బలమెంతయో లెక్క చూచితివా?

మేనల్లుడు — చూచితిని. ముందరి స్ప్రింగును ఒక సెంటీమీటరు నొక్కుటకు సుమారు ముప్పది కిలోల బలము కావలెను.

మామ — పది సెంటీమీటర్లు నొక్కితివేని మూడువందల కిలోలు నీ గడ్డము క్రింద నున్నట్లు. దానిని దేనితో అదుముదువు?

మేనల్లుడు — విడిభాగాల దుకాణములో డిపాజిట్టు తీసికొని కంప్రెసరు ఎరువిత్తురు. ఇదిగో, తెచ్చితిని.

మామగారు కండ్లజోడు సవరించుకొని ఆ కంప్రెసరును వెలుతురులోనికి తీసికొనిపోయి పరీక్షించిన తీరు చూడదగినది. అది రెండు పొడవైన మరకడ్డీలును, ఒక్కొక్కదానికి రెండేసి కొక్కెములును గల పనిముట్టు. స్ప్రింగునకు ఇరువైపుల తగిలించి, ఒకటి విడిచి ఒకటి కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఆయన మొదట కొక్కెముల జోలికి పోలేదు. మరకడ్డీ నడుమ భాగముపై బొటనవ్రేలి గోరు పెట్టి చివరివరకు లాగిరి. ఒకచోట గోరు మరలపై ఆగక నున్నగా జారినది. అచ్చట మరల శిఖరములు అరిగి చదునై యున్నవి. నాకు కనబడలేదు, గోటికి తెలిసినది.

మామ — ఎందరి చేతులలో పడి వచ్చినదో ఇది. గ్రీజు లేకుండ, ఎయిర్‌గన్నుతో త్రిప్పిన గుర్తులున్నవి. ఈ మర జారిన నాడు స్ప్రింగు నీవైపు వచ్చునా, గోడవైపు పోవునా యని విచారించుటకు నీకు వ్యవధి యుండదు. ఇది నేను కూడదను పని. ఇందులో వాదమునకు తావు లేదు.

మేనల్లుడు — ...క్రొత్తది కొనెదను.

మామ — కొనుము; నేను దేశమునకు పోయిన పిమ్మట దానితో ఏమైన చేసికొనుము. నేనున్నంతవరకు స్ప్రింగు అదుముట షాపువాని యంత్రముపైననే జరుగవలెను. నాలుగింటిని ఊడదీసి, సంచిలో వేసికొనిపోయి, విప్పించి, కొత్తవానిని ఎక్కించి తెమ్ము. బండినంతయు వానికి అప్పగింపనక్కరలేదు.

సంవాదము ఇచ్చట ముగియునని తలచితిని. ముగియలేదు, మేనల్లుడు ఓడిన చోటు విడిచి, తాను నెగ్గగల చోటికి మామగారిని లాగుకొనిపోయెను.

మేనల్లుడు — సరే, స్ప్రింగు షాపునకే. ఇప్పుడు నేనడుగుదును, మీరు చెప్పుడు. షాకు అడుగు కన్నులో రబ్బరు బుష్షున్నది. దాని గుండ బోల్టు పోవును. ఆ బోల్టును షాపువాడు ఎప్పుడు బిగించును?

మామ — పెట్టినప్పుడే బిగించును. మరెప్పుడు?

మేనల్లుడు — అదే చిక్కు. అప్పుడు బండి లిఫ్టుపై గాలిలో నుండును; చక్రములు వ్రేలాడుచుండును. బోల్టు బిగిసిన క్షణమున బుష్షు లోపలి ఉక్కు గొట్టము ఆ వ్రేలాడు భంగిమయందే పట్టుబడును. బండి దిగి నేలపై నిలుచుటతోనే చేయి పైకి లేచును. లోపలి గొట్టము కదలదు, వెలుపలి కన్ను తిరుగును, నడుమనున్న రబ్బరు మెలిపడును. బండి కదలక నిలుచున్నను ఆ రబ్బరుకు విశ్రాంతి యుండదు. కొంత కాలమునకు చినుగును, అంతవరకు కిర్రుమనుచునే యుండును. విష్‌బోన్ బుష్షులకును ఇదే న్యాయము. కావున బోల్టులను చేతి బిగువుతో నుంచి, బండిని చక్రములపై దించి, దాని బరువు దానిపై పడిన పిమ్మటనే టార్క్ రెంచితో బిగింపవలెను. నేను చక్రముల క్రింద ర్యాంపులు పెట్టి ఆ పని చేసెదను; అందుకు అరపూట పట్టును. లిఫ్టున్నవానికి ఆ పని కష్టము. పుస్తకము గంటలవానికి మరింత కష్టము.

మామగారు ఈ మాటకు వెంటనే బదులు చెప్పలేదు. డిపోలో నలుబదియేండ్ల నాడు జరిగిన పనిని మనసులో తిరుగవేయుచున్నట్లుండెను.

మామ — నీవు చెప్పినది సత్యమే. మాకు ఆ బెడద లేకపోవుటకు కారణము మా తెలివి కాదు, మా పిట్టు. బస్సు తన చక్రములపై తాను నిలిచియుండగా మేము గోతిలో దిగి క్రిందనుండి బిగించెడివారము. బరువు ఎల్లప్పుడును కమాన్లపైననే యుండెడిది. లిఫ్టు వచ్చి మనిషి నడుము నిలిపినది గాని, ఈ తప్పునకు త్రోవ తీసినదన్నమాట. బాగున్నది. అయితే పై రాడ్డు నట్టు మాట యేమి? దానిని గన్నుతో తిప్పుదువా?

మేనల్లుడు — తిప్పను. గన్ను పెట్టినచో నట్టుతోపాటు రాడ్డు గిరగిర తిరిగి లోపలి సీలును పాడుచేయును. రాడ్డును అలెన్ కీతో నిలిపి, నట్టును చేతి స్పానరుతో బిగింతును.

మామ — పట్టకారుతో రాడ్డును పట్టకుందువు గదా?

మేనల్లుడు — రాడ్డుపై గీత పడినచో ఆ గీత సీలుగుండ వచ్చిపోయిన ప్రతిసారియు నూనె నాకివేయును. పట్టను.

మామగారు నా వంక తిరిగి, "వీనికి తెలియునయ్యా" అనిరి. ఆ మాటలో మెప్పుకంటె ఫిర్యాదు పాలు హెచ్చుగా నున్నది.

మామ — సరే. చేయు విధము తెలిసినదే యనుకొందము. ఏది బిగించుచున్నావో అది తెలిసినదా? మా బస్సునకు ఏ షాకు వేయవలెనో నిర్ణయించువాడు మరియొకడు. స్టోర్సులోనుండి వచ్చినది మేము వేసెడివారము. నీవు నీకు నీవే ఇంజినీరువు. పసుపు రంగు చూచి కొంటివా, పనితనము చూచి కొంటివా?

మేనల్లుడు — పనితనమే. బిల్‌స్టైన్ వారివి కూడ విచారించితిని. అవి ఒంటి గొట్టపువి. అధిక పీడనమున నైట్రోజన్ నింపి, నూనె నురుగు కట్టకుండ చేయుదురు. ఆ విధానమును కల్పించినవాడు ద కార్బోన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1957లో బెంజి కారులకు అవి బిగింపబడినవి. మంచివే. కాని వాని గట్టిదనమును కంపెనీ నిర్ణయించి మూసివేయును. కోనీకి రాడ్డు కొనలో మీట యున్నది. స్ప్రింగు సాగి తిరిగి లేచునప్పటి బిగువును నాకు కావలసినట్లు మార్చుకొనవచ్చును. దానిని గట్టి వైపునకు చివరి వరకు త్రిప్పి పెట్టెదను. స్పోర్ట్స్ కారు గదా!

మామ — ఇందాకటి తెలివి ఏమైనది? స్పోర్ట్స్ కారు అనగా నడుము విరుగగొట్టునదని ఎవరు చెప్పిరి? చక్రము గుంతలో దిగినప్పుడు మరల వెంటనే నేలను వెదకికొనవలెను. లేచునప్పటి బిగువు మితిమీరినచో, ఒక గుంత తరువాత మరియొక గుంత వచ్చులోపల చక్రము తిరిగి క్రిందికి సాగలేదు; గుంతగుంతకు బండి కొంచెము కొంచెముగా క్రుంగిపోవును; తుదకు రబ్బరు అడ్డుముక్కపై కూర్చుండును. టైరు నేలను విడిచిన క్షణమున నీ స్టీరింగు ఎచ్చటికి త్రిప్పినను ఒకటే. డ్రైవరుకు దడదడ తెలిసినచో బండి నేలను పట్టుకొన్నదని భ్రమించును. నేలను విడిచినందువల్లనే ఆ దడదడ!

మేనల్లుడు — రేసు మైదానమున నందరును గట్టిగనే పెట్టుకొందురు గదా మామయ్యా.

మామ — ఆ మైదానము నున్నగా నుండును. వారి స్ప్రింగులును దానికి తగినంత గట్టివై యుండును. నీవు పాత మెత్తని స్ప్రింగునే ఉంచి, షాకును మాత్రము ఉక్కు చేసెదనన్నచో ఆ రెండింటికిని పొత్తు కుదరదు. మెత్తని వైపు చివరినుండి మొదలుపెట్టుము. ఇంటి ముందరి రోడ్డుపై తిప్పుము. తల యింకను ఊగినచో పావు చుట్టు బిగింపుము. ఊపు ఆగినచోట నిలుపుము. వయసుతో షాకు సడలినకొలది బిగించుకొనుటకుగాను ముందు త్రోవ మిగిలియుండును.

ఇచ్చట నేను మామగారి పక్షము వహించితిని. ఎందుకనగా మేనల్లుడు పనిముట్ల విషయమున చూపిన వినయమును మీట విషయమున చూపలేదు. ఇంటి గ్యారేజీలో బోల్టు విరుగుట సామాన్యమైన నష్టము. బండికి లేని తేజస్సును దానిపై బిగించవలెనను కోరిక అంతకంటె పెద్దదని నా అభిప్రాయము. ఆ కోరిక షాపులోని గుమాస్తాకును ఉండును. వాడు పెద్ద ధర గలదానిని అంటగట్టును గనుక దానికి వేరే పేరు. మేనల్లుడు ఒప్పుకొనెనో లేదో చెప్పజాలను; మీటను మాత్రము ఎడమకు చివరి వరకు త్రిప్పి, మామగారికి చూపెను.

పిమ్మట ఒప్పందము త్వరగనే కుదిరినది. షాకులను ఊడదీయుట, ఎక్కించుట ఇంటనే. స్ప్రింగు విప్పుట షాపులో. బండి స్టాండులపై నిలిచినదాక ఎవరును దాని క్రిందికి పోరాదు. జాకీని నమ్మి కాలివ్రేలైనను పెట్టరాదు. మేనల్లుడు బిగించిన ప్రతి బోల్టును మామగారు తానుగా టార్క్ రెంచి వేసి చూచి, నట్టుపైనుండి బోల్టుపైకి తెల్లని రంగుతో ఒక గీత గీయవలెను. నెల దినముల తరువాత ఆ గీత రెండుగా చీలియున్నచో నట్టు కదలినట్లు. ఇది డిపో అలవాటే.

మేనల్లుడు — అయితే మీరే నా రెండవ కన్ను.

మామ — ఆగుము. ఇంకను ఒకటి మిగిలినది. షాకుపై స్ప్రింగు కూర్చుండు పళ్ళెమునకు గాడులు కనబడుచున్నవి. ఏ గాడిలో పెట్టుదువు?

మేనల్లుడు — క్రింది గాడిలో. బండి కొంచెము క్రుంగి అందముగా నుండును.

మామ — క్రుంగినచో విష్‌బోన్ చేతుల కోణము మారును. కోణము మారినచో చక్రము వాలును, ముక్కు తిరుగును. టైరు ఒకవైపే తినివేయబడును. అలైన్‌మెంటు చేయింపవలెను.

మేనల్లుడు — చేయించెదను. దానికి షాపునకు పోక తప్పదు. యంత్రము వారియొద్దనే యున్నది.

మామ — ఎప్పుడు?

మేనల్లుడు — సోమవారము సాయంకాలము.

మామ — నేనును వచ్చెదను. లోపలికి రానీయరంటివి గదా. ఆ అద్దాల గదిలోనుండి మన బండి కనబడునా, లేక కాఫీ త్రాగుచు గోడను చూడవలసినదేనా, అది కనుగొనియుంచుము. ఈలోపల ఆ జాకీని అచ్చటనే పెట్టి, చక్రము నేలమీద నుండగనే నట్టులను వదులుచేయుము.